ఐదో నెల ప్రయాణం: పసిబిడ్డతో కాకినాడ నుంచి హైదరాబాదుకు

మా వైపు ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వస్తే, బిడ్డకు మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచి రోజు చూసి, చలిమిడి కలిపి, సారె పెట్టి అత్తవారింటికి పంపిస్తారు. ఒకప్పుడు ఆ ప్రయాణం పక్క ఊరికో, మహా అయితే పక్క జిల్లాకో ఉండేది. ఇప్పుడది కాకినాడ నుంచి హైదరాబాదుకు, గుంటూరు నుంచి బెంగళూరుకు, కొందరి విషయంలో విజయవాడ నుంచి డాలస్‌కు కూడా అవుతోంది. ముహూర్తం గురించి, వర్జ్యం గురించి, తోడు ఎవరు వెళ్లాలన్న దాని గురించి మన ఇళ్లలో రోజుల తరబడి మాట్లాడుకుంటాం. బిడ్డ ఆ వాహనంలో ఎక్కడ ఉండాలి, ఎలా ఉండాలి అన్నది మాత్రం మాటల్లోకే రాదు. తల్లి ఒడి ఉండగా ఇక వేరే చోటు ఎందుకన్న నమ్మకం మనలో అంతగా పాతుకుపోయింది. ఆ నమ్మకం ఇంట్లో ఎంత నిజమో, పరుగెత్తే కారులో అంత ప్రమాదకరమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా బాబును హైదరాబాదు తీసుకువెళ్లడానికి మా ముందు మూడు దారులు ఉన్నాయి. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాదు చేరవచ్చు. పెద్దవాళ్లందరి ఓటూ దానికే పడింది. రెండు బెర్తుల మధ్య చీర ఊయల కట్టి పిల్లలను నిద్రపుచ్చిన తరం వాళ్లది, ఆ మాటలో అనుభవం ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. రెండోది కారు: రాజమండ్రి, రావులపాలెం, తణుకు, ఏలూరు, విజయవాడ, కోదాడ, సూర్యాపేట మీదుగా దాదాపు 500 కిలోమీటర్లు. మూడోది రాజమండ్రి మధురపూడి విమానాశ్రయం నుంచి శంషాబాదుకు గంట, గంటంబావు విమాన ప్రయాణం. పెద్ద రద్దీ లేని పగటి విమానం దొరకడం వల్ల, బాబుకు మధ్యలో ఒకసారి పాలిస్తే సరిపోయేంత తక్కువ సమయం కావడం వల్ల మేము విమానాన్నే ఎంచుకున్నాం. సంక్రాంతికి మాత్రం మా కారులోనే వచ్చాం. ఆ రెండు ప్రయాణాల గురించీ చెబుతాను.

ప్రయాణానికి వయసు గురించి మా పిల్లల డాక్టరు చెప్పిన మాట సూటిగా ఉంది. నెలలు నిండి పుట్టి ఆరోగ్యంగా ఉన్న బిడ్డ విమానం ఎక్కడానికి పెద్ద అభ్యంతరం ఉండదు కానీ, తొందర లేకపోతే తొలి టీకాలు పూర్తయ్యేదాకా ఆగడం మంచిదన్నారు. మన దేశంలో పుట్టినప్పటి టీకాల తరువాత 6, 10, 14 వారాలకు వరుసగా వేస్తారు. పద్నాలుగో వారం టీకా అయి, ఆ జ్వరం, చిరాకు తగ్గి, బాబు మామూలుగా పాలు తాగడం మొదలుపెట్టాకే టికెట్లు తీసుకున్నాం. పంతులుగారు చెప్పిన ఐదో నెల కూడా దానికి సరిగ్గా కుదిరింది.

విమానంలో పసిబిడ్డలు ఎందుకు ఏడుస్తారో సరిగా తెలుసుకుంటే సగం భయం పోతుంది. విమానం ఎంత ఎత్తున ఎగిరినా, లోపలి గాలి ఒత్తిడిని దాదాపు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టుగా ఉంచుతారు. అంటే పైకి వెళ్లేటప్పుడు చుట్టూ ఒత్తిడి తగ్గుతుంది, దిగేటప్పుడు పెరుగుతుంది. కర్ణభేరి వెనుక ఉన్న గాలి ఈ మార్పుకు తగ్గట్టు సర్దుకోవడానికి చెవి నుంచి గొంతు వెనుక భాగానికి ఒక సన్నని నాళం ఉంటుంది. విమానం పైకి వెళ్లేటప్పుడు లోపలి గాలి ఆ నాళం గుండా దానంతట అదే బయటికి వచ్చేస్తుంది. దిగేటప్పుడు అలా కాదు. బయటి గాలి లోపలికి వెళ్లాలంటే ఆ నాళం తెరుచుకోవాలి, మింగినప్పుడో ఆవులించినప్పుడో తప్ప అది తెరుచుకోదు. పసిపిల్లల్లో అది మరీ సన్నగా, పెద్దవాళ్లలో ఉన్నంత వాలు లేకుండా దాదాపు అడ్డంగా ఉంటుంది. అందువల్ల చెవి పోటు ఎక్కువగా వచ్చేది విమానం దిగేటప్పుడే.

కానీ దాదాపు అందరూ చేసేది మరొకటి. విమానం కదలగానే పాలు పట్టేస్తారు, బిడ్డ కడుపు నిండి నిద్రపోతుంది, సరిగ్గా దిగే వేళకు మింగవలసిన బిడ్డ గాఢనిద్రలో ఉంటుంది. నిద్రలో మింగడం బాగా తగ్గిపోతుంది. మేము ఎక్కేటప్పుడు బాబుకు నోట్లో పాలపీక మాత్రమే పెట్టాం, అసలు పాలు దిగే వేళకు మిగిల్చాం. రాజమండ్రి నుంచి శంషాబాదు వంటి చిన్న ప్రయాణంలో విమానం ఎత్తుకు చేరిన కాసేపటికే దిగడం మొదలవుతుంది కాబట్టి ఆ ప్రకటన కోసం చెవి పెట్టుకుని ఉండాలి. నేలను తాకడానికి దాదాపు అరగంట ముందే దిగడం మొదలవుతుంది. ప్రొపెల్లర్ల మోత ఎక్కువగా ఉండే చిన్న విమానం కావడంతో నేను పక్క సీటులోని అమ్మకు ముందే చెప్పి ఉంచాను. ఆ మాట వినపడగానే తను బాబు అరికాళ్లు నిమిరి లేపింది, నేను పాలివ్వడం మొదలుపెట్టాను. గుటక పడుతున్నప్పుడల్లా వాడి గొంతు కింద చిన్న కదలిక కనబడుతుంటే, ఆ కదలికతో పాటే చెవి తెరుచుకుంటోందన్న ధైర్యం నాకు కలిగింది. మధ్యలో ఒకసారి వదిలేసి ముఖం చిట్లించాడు, మళ్లీ పట్టుకోగానే సర్దుకున్నాడు.

జలుబు చేసిన బిడ్డ విషయంలో ఇదంతా పనిచేయకపోవచ్చు. ముక్కు, గొంతు వాచి ఉన్నప్పుడు ఆ నాళం మూసుకుపోతుంది కాబట్టి జలుబు గట్టిగా ఉన్నా, చెవిలో ఇన్ఫెక్షన్ ఉన్నా డాక్టరుకు చూపించనిదే విమానం ఎక్కించకూడదు. దారిలో నిద్రపోతుందని జలుబు మందు చుక్కలు వేయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి బంధువర్గంలోనూ ఒకరుంటారు. ఆ సలహాను నిర్మొహమాటంగా తోసిపుచ్చాలి. మందుతో తెచ్చిన నిద్రలో బిడ్డ శ్వాస ఎలా ఉంటుందో మన చేతిలో ఉండదు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. రెండేళ్లలోపు బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుని తీసుకువెళ్లినా పేరు నమోదు చేసి టికెట్ తీసుకోవాలి, వయసుకు రుజువుగా జనన ధ్రువీకరణ పత్రం దగ్గర ఉంచుకోవాలి. ద్రవాలు 100 మిల్లీలీటర్లు మించకూడదన్న నియమం ఉన్న ప్రయాణాల్లో కూడా, దారికి సరిపడా బిడ్డ పాలకు, ఆహారానికి మినహాయింపు ఉంటుంది. తనిఖీ దగ్గర అడగకముందే వాటిని బయటికి తీసి చూపిస్తే పని త్వరగా అవుతుంది. పాలపొడి వాడేవారు ముందే కలిపి సీసాలో పెట్టుకోకుండా, కాచిన నీళ్లు ఫ్లాస్కులో, కొలిచిన పొడి విడిగా తీసుకువెళ్లాలి. కలిపిన పాలు బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు.

ఇక ఒడి సంగతికి వస్తాను. మన దేశంలో ఒడిలో ఉన్న బిడ్డకు తల్లి బెల్టుకు తగిలించే చిన్న బెల్టు ఒకటి ఇస్తారు. తల్లి బెల్టు లోపలే బిడ్డను కూడా కలిపి కట్టుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, కుదుపు వస్తే తల్లి బరువంతా బిడ్డ మీద పడుతుంది. అమెరికాలో ఆ చిన్న బెల్టును కూడా విమానం ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు అనుమతించరు. బిడ్డకు విడిగా సీటు కొని, విమానానికి పనికివచ్చే కారు సీటులో (కారులో పసిబిడ్డను పట్టీలతో కట్టి ఉంచడానికి విడిగా కొనే చిన్న సీటు) కట్టి కూర్చోబెట్టడమే అన్నిటికన్నా భద్రమని అక్కడి విమానయాన శాఖ గట్టిగా చెబుతుంది, కానీ తప్పనిసరి చేయలేదు. ఎందుకు చేయలేదన్నది తెలుసుకోదగిన కథ.

1989 జూలై 19న డెన్వర్ నుంచి షికాగో వెళుతున్న యునైటెడ్ 232 విమానం తోక ఇంజను పగిలి, అదుపు చేసే వ్యవస్థలన్నీ దెబ్బతిని, సూ సిటీలో రన్‌వే మీద కూలింది. అందులో ఉన్న 296 మందిలో 112 మంది మరణించారు. ఒడిలో ప్రయాణిస్తున్న పిల్లలు నలుగురు. అప్పటి పద్ధతి ప్రకారం పిల్లలను కాళ్ల దగ్గర నేల మీద పెట్టి పట్టుకోమని తల్లిదండ్రులకు చెప్పింది విమాన సిబ్బంది పెద్ద జాన్ బ్రౌన్. ఆ నలుగురిలో ఒక పిల్లవాడు మరణించాడు. బిడ్డ కోసం మళ్లీ విమానంలోకి వెళ్లబోయిన తల్లిని ఆపవలసి వచ్చింది కూడా ఆవిడకే. ఆ తరువాత ఆవిడ ఎన్నో ఏళ్ల పాటు, ప్రతి పసిబిడ్డకూ విమానంలో సొంత సీటు, సొంత బెల్టు ఉండాలని పోరాడారు. ప్రమాదాల దర్యాప్తు సంస్థ కూడా అదే సిఫారసు చేసింది. అయినా విమానయాన శాఖ 2005లో తప్పనిసరి చేయబోమని ప్రకటించింది. వారు చెప్పిన కారణం ఇది: అదనపు టికెట్ కొనవలసి వస్తే కొన్ని కుటుంబాలు విమానం మానేసి కారులో బయలుదేరుతాయి, రోడ్డు విమానం కన్నా ఎన్నో రెట్లు ప్రమాదకరం కనుక చివరికి చనిపోయే పిల్లల సంఖ్య పెరుగుతుంది.

ఈ లెక్కలో ఏ పక్షం సరైనదని నన్ను అడిగితే, వీలున్నవాళ్లు బిడ్డకు సీటు కొనాలనే అంటాను. కానీ ఆ వాదనలోని రెండో సగం మన దగ్గర ఎవరూ కాదనలేరు. మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ నివేదికే చెబుతోంది. మేము విమానంలో వెళ్లామన్నమాటే కానీ, ఆ రోజు బాబు చేసిన నిజమైన ప్రమాదకర ప్రయాణాలు కాకినాడ నుంచి మధురపూడి దాకా ఒకటి, శంషాబాదు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా ఇంటి దాకా మరొకటి. రెండూ అద్దె కార్లలోనే. అందుకే బిడ్డ కారు సీటును కూడా మాతో తెచ్చుకున్నాం, విమానంలో సామానుతో పాటు వేశాం.

ఆ రోజు పొద్దున్న మా వాకిట్లో కాసేపు వాదన జరిగింది. హారతి ఇచ్చి, బాబు బుగ్గన దిష్టి చుక్క పెట్టిన అమ్మ, కారు సీటు చూసి ఆగిపోయింది. "ఒళ్లో వేసుకుంటే హాయిగా పడుకునే పిల్లాణ్ణి ఆ తొట్టిలో కట్టేస్తావేమిటే తల్లీ? నేను పట్టుకుంటానుగా" అంది. నేను నాన్నకు లెక్క చెప్పాను, ఎందుకంటే ఆయనకు లెక్కంటే నమ్మకం. గంటకు 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగంతో వెళ్లే కారు దేన్నైనా గుద్దుకుని అర మీటరు లోపల ఆగిపోతే, లోపలి వాళ్ల శరీరాల మీద పడే ఒత్తిడి వాళ్ల బరువుకు ఇరవై రెట్లు ఉంటుంది. ఏడు కిలోల మా బాబు ఆ క్షణంలో 140 కిలోల బలంతో ముందుకు దూసుకుపోతాడు. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఐదున్నరను ఒక్కసారిగా చేతులతో ఆపడం. అది కూడా ముందే తెలిసి కాదు, కళ్లు మూసి తెరిచేలోపల. ఏ తల్లి ప్రేమా, ఏ అమ్మమ్మ పట్టూ దానికి చాలవు. నాన్న ఇంకేమీ అనకుండా సీటు ఎత్తి కారు దగ్గరికి తీసుకువెళ్లారు.

అక్కడ మరో చిక్కు వచ్చింది. వెనుక సీటు బెల్టు తగిలించే బకిల్ కనబడలేదు. "వెనకాల ఎవరూ పెట్టుకోరండి, కవరు కింద ఉండిపోయిందండి" అన్నాడు డ్రైవరు. పాపం అతని తప్పు కాదు, మన అద్దె కార్లు చాలా వరకు అలాగే ఉంటాయి. సీటు కవరు అంచు పైకి లేపి, దిండుకూ వీపుకూ మధ్య సందులో చేయి పెట్టి నాన్నా, ఆ అబ్బాయీ కలిసి బకిల్‌ను బయటికి లాగారు. బుక్ చేసేటప్పుడే వెనుక సీటు బెల్టు పనిచేస్తుందా అని ఫోనులో అడగడం అందుకే అవసరం. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ రోడ్డు ప్రమాదంలో మరణించినప్పుడు, ఆయన వెనుక సీటులో బెల్టు లేకుండా ఉన్నారని తెలిసి దేశమంతా వెనుక సీటు బెల్టు గురించి మాట్లాడింది. ఆ మాటలు త్వరగానే చల్లారిపోయాయి.

పసిబిడ్డ సీటు వెనక్కి తిరిగి ఉండాలి, అంటే బిడ్డ ముఖం కారు వెనుక అద్దం వైపు ఉండాలి. పుట్టిన బిడ్డ శరీరం పొడవులో తల ఒక్కటే దాదాపు నాలుగో వంతు. పెద్దవాళ్లలో అది ఏడో వంతో, ఎనిమిదో వంతో. అంత బరువైన తలను మోసే మెడ ఇంకా లేతగా ఉంటుంది. ముందుకు తిరిగి కూర్చున్న బిడ్డకు గుద్దుకున్నప్పుడు ఆ తల మెడ మీదుగా ముందుకు విసిరినట్టు వెళుతుంది. వెనక్కి తిరిగి ఉంటే సీటు వీపే తలనూ, మెడనూ, వెన్నునూ ఒకేసారి పట్టుకుంటుంది. ఐరోపాలోని కొత్త ఆర్129 ప్రమాణం ప్రకారం కనీసం 15 నెలలు నిండేదాకా వెనక్కి తిరిగే కూర్చోవాలి. అమెరికా పిల్లల వైద్యుల సంఘమైతే సీటు బరువు, ఎత్తు పరిమితులు అనుమతించినంత కాలం అలాగే ఉంచమంటుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో ఈ సీటును ఎప్పుడూ పెట్టకూడదు, ఆ బ్యాగు విచ్చుకునే బలం బిడ్డ తల వెనుక నేరుగా తగులుతుంది.

మాది కారు బెల్టుతో బిగించే రకం. సీటు పక్కన నీలం రంగు కొక్కేలు ఉంటాయి. నడుము బెల్టు వాటి కింద నుంచి, భుజం బెల్టు సీటు వీపు చుట్టూ వెళ్లాలి. బిగించాక పట్టుకుని ఊపితే అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు. లోపలి పట్టీలు బిడ్డ భుజానికి సమానంగా గానీ కాస్త కిందుగా గానీ మొదలవ్వాలి. పట్టీ వస్త్రాన్ని రెండు వేళ్లతో మడత పెట్టడానికి ప్రయత్నిస్తే మడత పడకూడదు, పడితే ఇంకా వదులుగా ఉన్నట్టే. మెడలో గొలుసు ఉంటే తీసేయాలి. కొత్త బట్టలని మందపాటి జుబ్బా వేసి దాని మీద పట్టీలు బిగిస్తే అవి ఒంటిని పట్టవు. అమ్మ కుట్టిన మెత్తని బొంతను పట్టీలు బిగించిన తరువాత పైన కప్పాం. తను బాబు పక్కనే కూర్చుంది, తన వేలు వాడి గుప్పిట్లో పెట్టి జోల పాడుతూ ఉంది. రంగంపేట రాకముందే వాడు నిద్రపోయాడు.

సంక్రాంతి ప్రయాణం వేరే పాఠం. అప్పటికి బాబు కూర్చోవడం నేర్చాడు, కట్టి ఉంచితే ఒప్పుకోని వయసు. పండుగ ముందు పంతంగి టోల్ దగ్గర బారులు ఎలా ఉంటాయో హైదరాబాదులో ఉండే మనవాళ్లందరికీ తెలుసు, అందుకని తెల్లవారుజామున నాలుగింటికి ముందే బయలుదేరాం. రెండు గంటలకొకసారి ఆపాలన్నది మా నియమం. సీటులో వంగిన భంగిమలో చాలాసేపు ఉంటే చిన్నపిల్లల తల ముందుకు వాలి శ్వాసకు ఇబ్బంది కావచ్చు కాబట్టి మధ్య మధ్యలో తీసి వెల్లకిలా పడుకోబెట్టాలి, డైపరు మార్చాలి. ఏడిస్తే కారు ఆపాలి. కదిలే కారులో, ఒక్క నిమిషమేగా అని, బిడ్డను సీటులోంచి తీసి పాలివ్వడం మాత్రం చేయకూడదు. సూర్యాపేట దాటాక బాబు గుక్కపెట్టి ఏడ్చినప్పుడు మావారు వెంటనే ఒక పెట్రోలు బంకులోకి తిప్పారు. వెనుక తలుపుకు చున్నీ కట్టుకుని పాలిచ్చి, కాసేపు ఎత్తుకుని తిప్పి మళ్లీ బిగించాం. ప్రయాణం రెండు గంటలు ఎక్కువ పట్టింది, దాని వల్ల ఏ పనీ ఆగిపోలేదు. ఇంత పెద్ద జాతీయ రహదారి మీద తల్లి నిశ్చింతగా కూర్చుని పాలివ్వడానికి ఒక శుభ్రమైన గది వెతుక్కోవలసి రావడం మాత్రం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఆగినప్పుడు అందరూ టీ తాగడానికి దిగి, నిద్రపోతున్న బిడ్డను ఏసీ ఆపిన కారులో వదలడం ఎండాకాలమైనా చలికాలమైనా చేయకూడదు. అద్దాలు మూసిన కారు ఎండలో పది నిమిషాల్లోనే బయటి కన్నా పది డిగ్రీల దాకా ఎక్కువ వేడెక్కుతుంది. ఆరు నెలల లోపు బిడ్డకు ఎండగా ఉందని నీళ్లు తాగించనక్కర లేదు, తల్లిపాలే మరికొన్నిసార్లు ఇవ్వాలి.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకువెళితే 1,000 రూపాయల జరిమానా. అమలు సంగతి మనకు తెలిసిందే. చలానా కోసం కాకుండా బిడ్డ కోసం కొంటే తప్ప ఈ సీటు మన ఇళ్లలోకి రాదు.

అందుకే బారసాలకు వచ్చే మేనమామలకు, సారె సిద్ధం చేసే అమ్మమ్మ తాతయ్యలకు నాదొక విన్నపం. వెండి గ్లాసు, ఊయల, బట్టలతో పాటు సారెలో ఒక కారు సీటు కూడా పెట్టండి. ఐరోపా పాత ప్రమాణం ఆర్44 గానీ, కొత్తదైన ఆర్129 గానీ ఉన్న నారింజ రంగు ముద్ర సీటు వెనుక అంటించి ఉందో లేదో చూడండి. మీ కారు వెనుక సీటులో ఐసోఫిక్స్ కొక్కేలు (బెల్టు లేకుండా పిల్లల సీటును నేరుగా కారు చట్రానికి తగిలించేవి) ఉంటే వాటికి సరిపోయే రకం తీసుకోవచ్చు, లేకపోతే బెల్టు రకమే చాలు, సరిగా బిగిస్తే రెండూ భద్రమే. బంధువుల ఇంట్లో వాడిన సీటు తీసుకోవడంలో తప్పులేదు కానీ, అది ఎప్పుడైనా ప్రమాదం జరిగిన కారులో ఉందేమో అడగండి, ఉంటే పైకి చెక్కుచెదరకుండా కనిపించినా వద్దు. ప్లాస్టిక్ అడుగున అచ్చువేసిన తయారీ తేదీ, గడువు కూడా చూడండి. పురిటికి వచ్చిన అమ్మాయి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేది కూడా కారులోనే కాబట్టి, నెలలు నిండకముందే కొని, ఒకటికి రెండుసార్లు బిగించి చూసుకుని ఉంచండి.